తెలియని అంకెను తెలిసినట్టు చూపవద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను చెన్నై పెరంబూరులో ఉంటూ, మధ్యదూర పరుగు పందేలకు పిల్లలను తయారు చేసే అథ్లెటిక్స్ కోచ్‌ని. నా దగ్గర శిక్షణ పొందేవారిలో నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి చదువు కోసం ఇక్కడికి వచ్చిన తెలుగు పిల్లలు ఎక్కువ. ఈ మధ్య వాళ్లలో చాలామంది చేతికి ట్రాకర్ వాచీ పెట్టుకుని గ్రౌండుకు వస్తున్నారు. అమ్మానాన్నలు ఇంటి ఖర్చులు తగ్గించుకుని కొనిపెట్టినవి అవి. పెట్టె మీద ‘క్రీడాకారుల కోసం’ అని రాసి ఉంటుంది. లోపలి పరికరం పనితీరు చూస్తే మాత్రం రోజూ ఎన్ని అడుగులు నడిచామో చూసుకునేవారి కోసం తయారు చేసినట్టే ఉంటుంది. బెంగళూరులోనూ చెన్నైలోనూ ఇటువంటి పరికరాలను రూపొందిస్తున్న, వాటికి ప్రోగ్రాములు రాస్తున్న తెలుగు ఇంజనీర్లు మీ పత్రిక చదువుతారన్న నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను. వారిని నేను కోరేది ఒక్కటే: సెన్సర్‌కు సరిగా అందని అంకెను అందినట్టుగా తెర మీద చూపవద్దు.

మణికట్టు మీది వాచీ గుండె వేగాన్ని నేరుగా కొలవదు. దాని అడుగున ఉన్న ఆకుపచ్చ దీపం చర్మంలోకి వెలుగు పంపుతుంది. రక్తం ఆ వెలుగును బాగా పీల్చుకుంటుంది కాబట్టి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింద రక్తం పెరిగి తగ్గుతుంటే తిరిగి వచ్చే వెలుగు కూడా హెచ్చుతగ్గులకు లోనవుతుంది. వాటిని బట్టి ప్రోగ్రాం నిమిషానికి ఎన్నిసార్లో లెక్క కడుతుంది. కదలకుండా కూర్చున్నవారి విషయంలో ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. పరుగులో చెయ్యి ఊగుతుంది, పట్టీ కదులుతుంది, అడుగు పడిన ప్రతిసారీ అదే వెలుగులో మరో లయ వచ్చి కలుస్తుంది. నిమిషానికి 175 అడుగులు వేస్తూ తేలికగా పరుగెత్తుతున్న అమ్మాయి గుండె 145 దగ్గరే ఉన్నా, వాచీ 175 అని చూపడం గ్రౌండులో నేను తరచూ చూస్తున్నాను. మెడ పక్కన వేళ్లు ఆనించి పది సెకన్లు లెక్కపెడితే తేడా తెలిసిపోతుంది. అడుగుల లయను వాచీ గుండె లయగా పట్టుకుంది. ఇలా జరుగుతుందని ఈ రంగంలో పనిచేసేవారికి బాగా తెలుసు. అయినా తెర మీద ఆ అంకె ఎలాంటి సందేహమూ లేనట్టు వెలుగుతుంది. దాన్ని చూసి అమ్మాయి అనవసరంగా వేగం తగ్గించుకుంటుంది. ఇంటర్వెల్స్‌లో, అంటే కొద్దిసేపు వేగంగా పరుగెత్తి, కాస్త తెరిపి తీసుకుని మళ్లీ పరుగెత్తే సాధనలో, దీనికి తలకిందులుగా జరుగుతుంది. గుండె నిజంగా 190కి చేరినా వాచీ ఇంకా 160 దగ్గరే వెనకబడి ఉంటే, తాను చాలినంత కష్టపడటం లేదనుకుని ఆమె ఒంటిని హద్దు దాటిస్తుంది. ఈ రెండోది నాకు ఎక్కువ భయం కలిగించే విషయం.

మన చర్మపు రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఆకుపచ్చ వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి, ఎండలో ఏళ్ల తరబడి సాధన చేసిన నల్లని చేతి మీద సెన్సర్‌కు తిరిగి చేరే వెలుగు తగ్గుతుంది. అటువంటి చేతుల మీద, చెమట కారుతుండగా, పందెం వేగంతో పరీక్షించని పరికరాన్ని మన క్రీడాకారులకు అమ్మడం న్యాయం కాదు. గుండె విద్యుత్ సంకేతాన్ని పట్టుకునే ఛాతీ పట్టీ ఈ విషయంలో ఎంతో నయం. ఫిన్లండ్‌కు చెందిన పోలార్ సంస్థ తీగలు లేని గుండె మానిటర్‌ను 1982లోనే మార్కెట్లోకి తెచ్చింది. అయితే తడిసిన పట్టీ జారుతుంది, ఆడపిల్లలకు లోదుస్తుల అంచు దగ్గర ఒరుసుకుంటుంది. సౌకర్యంగా ఉండే పట్టీని తయారు చేయడం మీద పెట్టాల్సిన శ్రద్ధ అంతా వాచీ తెర అందం మీదికి పోతోందని నా అభిప్రాయం.

దూరం, వేగం లెక్కల్లోనూ ఇదే చిక్కు ఉంది. మామూలు వాచీల్లో జీపీఎస్ సెకనుకు ఒక్కసారి చోటు నమోదు చేస్తుంది, అది కూడా కొన్ని మీటర్ల తేడాతో. ట్రాక్ మీద ఒక్కో లేన్ వెడల్పు 1.22 మీటర్లు, మొదటి లేన్ చుట్టు 400 మీటర్లయితే ఎనిమిదో లేన్ చుట్టు సుమారు 453 మీటర్లు. మీరు ఏ లేన్‌లో ఉన్నారో చెప్పకపోతే వాచీకి తనంతట తాను తెలుసుకునే వీలే లేదు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణాన్ని 13.09 సెకన్లలో గెలుచుకుంది. సెకనుకు ఒక్కసారి నమోదు చేసే పరికరం అంతటి పరుగుకు పదమూడు చుక్కలు పెట్టి ఊరుకుంటుంది. హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య ఉన్న 8.5 మీటర్లలో పడే మూడు అడుగుల గురించి అది చెప్పగలిగింది ఏమీ లేదు. కదలికను పట్టే సెన్సర్ సెకనుకు 50 సార్లు చదివినా, స్ప్రింటర్ పాదం నేలను తాకి ఉండే దాదాపు పదో వంతు సెకనులో దొరికేవి అయిదు రీడింగులే. వాటితో పాదం నేలపై ఎంతసేపు నిలిచిందో మిల్లీసెకన్లలో చెప్పబోవడం కొలత అనిపించుకోదు.

ఇక మా చెన్నై వాతావరణం. మే నెలలో ఉదయం ఆరు గంటలకే చెమట పట్టడమే గాని ఆరడం ఉండదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. వేడిని బయటికి పంపడానికి శరీరం చర్మానికి ఎక్కువ రక్తాన్ని మళ్లిస్తుంది. మరోవైపు చెమట రూపంలో ఒంట్లోని నీరు తగ్గిపోతుంటుంది. దాంతో ఒకే వేగంతో పరుగెత్తుతున్నా గుండె వేగం క్రమంగా పైకి పాకుతుంది. జనవరిలో 150 దగ్గర సాగిన పరుగు మేలో 165 దగ్గర సాగడంలో వింతేమీ లేదు. తేమనూ వేడినీ లెక్కలోకి తీసుకోని ప్రోగ్రాం మాత్రం దీన్ని దమ్ము తగ్గినట్టుగా అర్థం చేసుకుని, ‘మీ ఫిట్‌నెస్ పడిపోయింది’ అని పిల్లవాడికి చెబుతుంది. జిల్లా పోటీలకు ముందు ఆ మాట చదివిన పదహారేళ్ల కుర్రవాడికి ధైర్యం చెప్పడం ఎంత కష్టమో కోచ్‌లకు తెలుసు. మణికట్టు చర్మపు వేడి ఒంటి లోపలి వేడి కాదు. దాన్ని బట్టి వడదెబ్బ భయం లేదని చెప్పడం ప్రమాదకరం.

చాలా వాచీల్లో గుండె గరిష్ఠ వేగాన్ని 220 నుంచి వయసు తీసివేసి ముందే నింపి ఉంచుతారు. ఒకే వయసువారిలోనూ ఆ వేగం పదీ పన్నెండూ అటూ ఇటూ ఉండటం మామూలే. గ్రౌండులో పరీక్షించి తెలుసుకున్న అంకెను మొదటిరోజే అడిగి తీసుకుంటే ఆ తర్వాతి లెక్కలన్నీ సరిపడతాయి. కేలరీల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు: స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన పరీక్షలో ఏడు పరికరాలను పోల్చి చూస్తే, అన్నింటిలో మెరుగైనది కూడా కేలరీలను సగటున 27 శాతం తప్పుగా చూపింది. ఆ అంకె చూసి అన్నం తగ్గించుకునే ఆడపిల్లలు ఉన్నారు. క్రీడాకారుల పరికరంలో దాన్ని చూపకపోతే నష్టం లేదు.

తప్పు అంకె వాచీలోనే ఉండిపోదు కూడా. అది ఫోనుకు, అక్కడి నుంచి కంపెనీ సర్వర్లకు, ఒక్కోసారి సెలక్టర్ల చేతికి చేరుతుంది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటోంది; నా దగ్గరి పిల్లల్లో సగానికి పైగా ఆ వయసువారే. పరుగులను నమోదు చేసి పంచుకునే స్ట్రావా యాప్ పరుగుల పటంలో సైనిక స్థావరాల చుట్టూ సాగిన దారులు కనిపిస్తున్నాయని 2018 జనవరిలో లోకానికి తెలిసింది. రోజూ ఒకే వేళకు ఒకే రోడ్డు మీద ఒంటరిగా పరుగెత్తే ఆడపిల్ల దారి ఎవరికీ కనిపించకుండా ఉంచడం ఆమె కోరకముందే జరగాలి.

వీటిలో చాలావాటికి కొత్త ఆవిష్కరణ ఏదీ అవసరం లేదు. సంకేతం చెడినప్పుడు అంకె స్థానంలో గీత చూపవచ్చు. అసలు రీడింగులను ఉన్నవి ఉన్నట్టుగా క్రీడాకారుడు దించుకునే వీలు ఇవ్వవచ్చు. సెకనుకు ఎన్ని రీడింగులు తీసుకుంటుందో, ఎంత వేడిలో, ఎటువంటి చర్మాల మీద, ఏ వేగం వరకు పరీక్షించారో పెట్టె మీదే అచ్చు వేయవచ్చు. పరీక్షలకు మా పిల్లలు, తల్లిదండ్రుల అనుమతితో, వాచీనీ ఛాతీ పట్టీనీ ఒకేసారి పెట్టుకుని పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నారు. రాదలచిన ఇంజనీర్లు మే నెలలోనే రావాలని నా మనవి.

ఇట్లు,
ఒక అథ్లెటిక్స్ కోచ్,
పెరంబూరు, చెన్నై