దిగుడు దారికి వేరే వేగ పరిమితి కావాలి

సంపాదకులు గారికి,

చీమకుర్తి, రామతీర్థం క్వారీల దారుల్లో గ్రానైట్ లారీ అదుపు తప్పిందంటే చాలు, ‘అధిక లోడు వల్ల బ్రేకు వేసినా ఆగలేదు’ అనుకుంటారు. ఇంటర్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పే నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. లోడు పెరిగితే లారీ జడత్వం ఎంత పెరుగుతుందో టైర్ల కింద ఘర్షణ కూడా అంతే పెరుగుతుంది కనుక, చక్రాలు బిగిసి జారుతున్న బండి ఆగే దూరం లెక్కలో బరువు కొట్టుకుపోతుంది. మిగిలేవి వేగం, రోడ్డు పట్టు, వాలు.

నూరు మీటర్లకు ఆరు మీటర్లు దిగే రోడ్డు, పట్టును కొలిచే ఘర్షణ గుణకంలో సుమారు 0.06ను తినేస్తుంది. గంటకు 40 కి.మీ. వేగానికి, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో తీసుకునే గుణకం 0.38. ఆ పట్టుంటే, బ్రేకు పడ్డాక చదును నేల మీద దాదాపు 17 మీటర్లలో, ఆ దిగుడులో 20 మీటర్లలో బండి ఆగుతుంది. తేడా మూడు మీటర్లే. రాళ్లు కోసినప్పుడు వచ్చే రాతిపొడి బురద (స్లర్రీ) రోడ్డు మీద ఒలికి, దానిపై చిన్న జల్లు పడి, గుణకం 0.2కు తగ్గిందనుకుందాం. అప్పుడు చదునులో 31, ఎక్కేటప్పుడు 24, దిగేటప్పుడు 45 మీటర్లు కావాలి. అంటే అదే వాలు ఎక్కేవాడికి మిగిల్చిన దానికి దాదాపు రెట్టింపు దిగేవాడి దగ్గర లాక్కుంటుంది. డ్రైవరు గమనించి బ్రేకు తొక్కేలోపు, 2.5 సెకన్లలో బండి సాగే 28 మీటర్లు ఇందులో కలపనే లేదు. ఇక నూటికి ఇరవై మీటర్లు దిగే ర్యాంపు అయితే, అంత జారుడులో లారీ చదును తగిలేదాకా ఆగదు.

బరువుకు పాత్రే లేదనడం లేదు. లోడుతో దిగే లారీ శక్తిలో అధిక భాగం బ్రేకుల్లోనే వేడిగా మారుతుంది, బాగా కాగిన లైనింగుకు పట్టు తగ్గుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలని అనుభవమున్న డ్రైవర్లు చెప్పేది ఇందుకే. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవారు ఇంజను ఇచ్చే నిరోధాన్ని కూడా పోగొట్టుకుంటున్నారు. ఆ పొదుపు నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

కనుక దిగే వైపు, ముఖ్యంగా తడి రోడ్డుకు, విడిగా వేగ పరిమితి బోర్డు పెట్టాలని అధికారులను కోరుతున్నాను. పైన చెప్పిన జారుడు దిగుడులోనూ 17 మీటర్లలోనే ఆగాలంటే వేగం గంటకు 24 కి.మీ. మించకూడదు. స్లర్రీని మూత లేని బండ్లలో తరలించడాన్ని కూడా వానలు మొదలు కాకముందే ఆపించాలి.

– ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు, చీమకుర్తి, ప్రకాశం జిల్లా