వార్షిక నివేదిక: పాత బ్యాటరీ ఫ్యాక్టరీ స్థలం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ పాత ఫ్యాక్టరీ స్థలాన్ని బాగుచేసి మొక్కలు పెంచాలనే మన సంఘం పెట్టుకున్నామని మీకు తెలిసిందే. అందుకే నేరుగా ఈ ఏడాది పనుల్లోకి వస్తాను.

మొక్కల కంటే ముందు మట్టి పరీక్ష అని గత సమావేశంలో తీర్మానించాం. అప్పుడు మొహం చిట్లించినవాళ్లు ఫలితాలు చూశాక మాట్లాడలేదు. బ్యాటరీల్లో వాడే సీసం కుళ్లిపోయేది కాదు, ఎన్నేళ్లయినా పైమట్టినే అంటిపెట్టుకుని ఉంటుంది. ఆడుకునే పిల్లల చేతుల మీదుగా నోట్లోకి పోతుంది. ఇళ్ల దగ్గరి మట్టిలో కిలోకు 400 మిల్లీగ్రాములుగా ఉన్న హెచ్చరిక స్థాయిని అమెరికా పర్యావరణ సంస్థ 2024లో 200కి దించింది. ఎంతవరకు పర్వాలేదు అన్న లెక్కే మారుతోందన్నమాట.

స్థలాన్ని గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో నాలుగైదు చోట్ల పైమట్టి గీకి, కలిపి సంచుల్లో కట్టాం. ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక పెద్దాయన చేతికర్రతో ఒకచోట పొడిచి, "యాసిడ్ తొట్టి ఇక్కడే ఉండేది" అన్నారు. ఏ ప్లానులోనూ అది లేదు. అన్నిటికంటే ఎక్కువ సీసం ఆ గడిలోనే తేలింది. ఆయనకు సంఘం తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు.

పొద్దుతిరుగుడు వేస్తే సీసం లాగేస్తుందని గ్రూపులో వీడియోలు తిరిగాయి. ఆర్సెనిక్ అనే విషపదార్థాన్ని బాగా పీల్చే ఫెర్న్ మొక్క ఒకటుందని 2001లో తేల్చారు, నిజమే. కానీ సీసం మట్టికి గట్టిగా అతుక్కుంటుంది, మొక్కలకు అంత సులువుగా ఎక్కదు. ఎక్కిన కాస్తను మళ్లీ ఎక్కడ పారేస్తాం?

అందుకే కొలిమి షెడ్డు వైపు తవ్వకుండా కప్పేశాం. ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది ఆ రోజే. పాత మట్టి మీద నారింజ రంగు వల పరిచి, దానిపై పరీక్షించిన మంచి మట్టి పోశాం. రేపెవరైనా గునపం దించితే ఆ రంగు చూసి ఆగాలి. వల అంచులు పట్టుకుని ఎండలో నిలబడ్డ కుర్రాళ్లకు, మంచినీళ్లు అందించిన మహిళా సభ్యులకు, కిరాయి తీసుకోకుండా మట్టి తోలిన లారీ యజమానికి, ఓపిగ్గా ఫలితాలు వివరించిన ల్యాబ్ సిబ్బందికి ధన్యవాదాలు. గేటు వైపు మొక్కలు వేయడానికి ఎత్తుమడులు సిద్ధమయ్యాయి.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కోశాధికారి సభలో చదువుతారు. లోటు లేదు.

గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లలో సగం మంది వచ్చినా పని ఎప్పుడో అయిపోయేది. ఇక ఆఫీసు సంగతి: బోరు నీటి పరీక్షకు పెట్టిన అర్జీ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు వెళ్లి మళ్లీ మొదటి బల్లకే వచ్చింది. ఫలితం వచ్చేదాకా ఆ నీళ్లు ఎవరూ వాడొద్దు.

"ఇంకా ఎన్నాళ్లు?" అని అడిగేవారికి ఒక మాట. అమెరికాలోని సియాటిల్‌లో పాత గ్యాస్ ప్లాంటు స్థలాన్ని 1975లో పార్కుగా తెరిచారు. దశాబ్దాలు గడిచినా అక్కడ శుద్ధి పనులు పూర్తికాలేదు. జనం మాత్రం పార్కుకు వస్తూనే ఉన్నారు.

ఆదివారం మడుల పనికి వచ్చేవారు బూట్లు వేసుకుని రండి. వెళ్లేముందు వాటిని గేటు దగ్గరే కడగండి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

ఇట్లు,
కార్యదర్శి