400 స్పైన్ అని ముద్రించి 500 స్పైన్ పంపిన బాణాల గురించి

హన్మకొండ

కస్టమర్ ఫిర్యాదుల విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం.

సంప్రదాయ విల్లుల కోసమని మీరు అమ్ముతున్న 30 ఇంచుల కార్బన్ బాణాలు ఒక డజను మా సాధన కేంద్రానికి తెప్పించుకున్నాం. బిల్లు కాపీ, డబ్బా మీది లేబుల్ ఫొటో, ఒక్కో బాణం తూకం చీటీ ఈ ఉత్తరానికి జత చేశాం. ఫోన్‌లో చెప్తే మీ మనిషి “చిన్న తేడానే గదా సార్” అన్నారు. ఆ తేడా ఎంతో, అది బాణాన్ని ఏం చేస్తుందో కాగితం మీద పెడుతున్నాం.

లేబుల్ మీద ఇట్లా ఉంది: స్పైన్ (బాణం కాడ, అంటే షాఫ్ట్, ఎంత వంగుతుందో చెప్పే అంకె; అంకె పెద్దదైతే షాఫ్ట్ మెత్తన) 400, మొన 200 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే బాణాలు తూచే చిన్న కొలత), ఇత్తడి ఇన్సర్ట్ (మొన బిగించడానికి షాఫ్ట్ ముందు చివర అంటించే ముక్క) 75 గ్రెయిన్లు, మొత్తం బరువు 565 గ్రెయిన్లు, ఎఫ్‌ఓసీ (బాణం తూగే చోటు నడిమికి ఎంత ముందుందో చెప్పే శాతం) 22 శాతం. ఈ అంకెలు ఒకదానితో ఒకటి సరిపోతాయి. ఇంచుకు 9 గ్రెయిన్ల షాఫ్ట్ 270, ఇన్సర్ట్ 75, మొన 200, నాక్ (నారికి తగిలించే తోక ముక్క) 10, మూడు ఈకలు 10, కలిపితే 565. లేబుల్ రాసినవారికి లెక్క తెలుసు. డబ్బా నింపినవారు లేబుల్ చదవలేదు.

బంగారం షాపు కాటా మీద తూచాం. తులం అంటే 180 గ్రెయిన్లు కాబట్టి మీ 565 గ్రెయిన్ల బాణం మూడు తులాల మీద కొంచెం ఉండాలి. వచ్చినవాటిలో ఒక్కటీ మూడు తులాలు తూగలేదు. అన్నిటికన్నా తేలికది 441, బరువైనది 480, ఎక్కువ భాగం 455కు అటూ ఇటూ. మొనలు విప్పి విడిగా తూచాం. 200 అని అచ్చు గుద్దిన మొనలు 138 నుంచి 171 దాకా ఉన్నాయి. ఇన్సర్ట్ ఇత్తడిది కాదు, అల్యూమినియంది, 15 గ్రెయిన్లు. అంటే తగ్గిన బరువంతా ముందు భాగంలోనే తగ్గింది. మా ఫిర్యాదుకు మూలం ఇదే.

ఎఫ్‌ఓసీ ఎవరైనా స్కేలుతో కొలుచుకోవచ్చు. మొన బిగించిన బాణాన్ని పలుచని అంచు మీద అడ్డంగా ఉంచి తూగే చోట గీత పెట్టాలి. నాక్ గాడి అడుగు నుంచి ఆ గీత దాకా కొలిచి, షాఫ్ట్ పొడవులో సగం తీసేసి, మిగిలినదాన్ని పొడవుతో భాగించి 100తో గుణించాలి. పొడవంటే నాక్ గాడి నుంచి షాఫ్ట్ చివరి దాకా, మొనను కలపకూడదు. 22 శాతం ఉండాలంటే గీత 21.6 ఇంచుల దగ్గర పడాలి. 455 గ్రెయిన్ల బాణానికి 19.9 దగ్గర పడింది, అంటే 16.3 శాతం. డజను మొత్తంలో 15.4 నుంచి 17.7 దాకా ఉంది.

మీ తెలుగు కరపత్రంలో “తేలిక బాణం వేగంగా పోతుంది, అందుకే లోతుగా దిగుతుంది” అని రాశారు. 565 గ్రెయిన్ల బాణం అమ్ముతూ ఈ మాట ఎందుకు రాశారో అర్థం కాలేదు గానీ, ఆ మాటే తప్పు. 45 పౌండ్ల విల్లు (నారి లాగడానికి 45 పౌండ్ల బలం కావలసినది) 455 గ్రెయిన్ల (29.5 గ్రాములు) బాణాన్ని సెకనుకు 49.4 మీటర్ల వేగంతో వదులుతుందనుకోండి. అదే విల్లు మీద 565 గ్రెయిన్ల (36.6 గ్రాములు) బాణం దాదాపు 45.5 మీటర్ల వేగంతో పోతుంది. వేగం 8 శాతం తగ్గింది. గతిశక్తి 36 జౌల్స్ నుంచి 37.9కి పెరిగింది. ద్రవ్యవేగం 1.46 నుంచి 1.67కి, అంటే సుమారు 14 శాతం పెరిగింది. వింటికొమ్మలు, నారి కూడా కదలాలి కదా, వాటిని కదిలించడానికి విల్లు శక్తిలో కొంత పోతుంది. బాణం బరువైతే ఆ వాటా తగ్గి బాణానికి ఎక్కువ చేరుతుంది. గట్టి నేలలో గడ్డపార తన బరువుతో దిగుతుంది. అంతే పొడవున్న వెదురు కట్టెను ఎంత విసురుగా గుచ్చినా పైపైనే ఆగుతుంది.

455 గ్రెయిన్లు మా 45 పౌండ్ల విల్లులకు ప్రమాదమేమీ కాదు. పౌండుకు 10 గ్రెయిన్లు పడుతుంది, విల్లు తట్టుకుంటుంది. కాకపోతే మేము డబ్బులు కట్టింది పౌండుకు 12.5 పడే బాణానికి.

ఇక మీ మనిషి ఫోన్‌లో చెప్పిన ఉపాయం: “షాఫ్ట్‌ల బియ్యం పోసుకోండ్రి సార్, బరువు సరిపోతది.” అట్లా 110 గ్రెయిన్లు షాఫ్ట్ పొడవునా నింపితే కాటా మీద 565 వస్తుంది, నిజమే. కానీ గీత 18.9 ఇంచులకు జరిగి ఎఫ్‌ఓసీ 13 శాతానికి పడిపోతుంది. కాటా ఒప్పుకున్నంత మాత్రాన బాణం ఒప్పుకోదు. మొన తగిలి ఆగుతున్న క్షణంలో వెనకున్న బరువు ఇంకా ముందుకే తోస్తుంది. షాఫ్ట్ నడుము దగ్గర వంగి, పక్కలకు కొట్టుకుని, దిగడానికి పోవలసిన శక్తి ఆ ఊగులాటలో ఖర్చవుతుంది. బరువు ముందుంటే మొన లాగుతుంది, తోక వెంట వస్తుంది. ఎద్దు లాగిన బండి దారిలో పోతుంది, వెనక నుంచి నెట్టిన బండి అడ్డం తిరుగుతుంది. గాలిలోనూ ఇదే లెక్క. తూగే బిందువుకు ఈకలు ఎంత దూరంగా ఉంటే బాణాన్ని అంత త్వరగా తిన్నగా చేస్తాయి.

అయితే సరైన మొన, ఇత్తడి ఇన్సర్ట్ మేమే కొని బిగించుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. రెండు బాణాలకు అదీ చేశాం. అప్పుడే అసలు సంగతి బయటపడింది. ఈకలు లేని బాణాన్ని, ఈకలున్నవాటితో కలిపి వదిలితే కుడిచేతి విలుకాడికి అది ప్రతిసారీ కుడివైపు పడింది. షాఫ్ట్ మెత్తగా ఉందనడానికి గుర్తు అది. వెంటనే స్పైన్ కొలిచాం. 28 ఇంచుల ఎడంలో రెండు ఆధారాల మీద షాఫ్ట్ పెట్టి, నడుమ 880 గ్రాములు వేలాడదీస్తే 400 స్పైన్ షాఫ్ట్ 10.2 మిల్లీమీటర్లు కుంగాలి. మీవి 12.5 నుంచి 13 దాకా కుంగాయి. అది 500 స్పైన్. చెక్క బాణాలకు ఆధారాల ఎడం 26 ఇంచులు, బరువు రెండు పౌండ్లు. అట్లా కొలిస్తే ఇదే షాఫ్ట్ తక్కువ కుంగుతుంది. ఆ పద్ధతితో కొలిచి చూపించి ఇది సరేనంటారేమో, ముందే చెప్తున్నాం.

ముందు బరువు పెరిగినకొద్దీ షాఫ్ట్ వదిలేటప్పుడు ఎక్కువ వంగుతుంది. 275 గ్రెయిన్లు ముందు పెట్టాలంటే ఈ పొడవులో, ఈ విల్లుకు 400 కావాలి. మీ దగ్గర 500 షాఫ్ట్‌లు మిగిలి, వాటి మీద బాణం ఊగకుండా ఉండాలని తేలిక మొన, తేలిక ఇన్సర్ట్ పెట్టి, లేబుల్ మాత్రం పాతదే అంటించారని మా అనుమానం. కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పండి.

బాణాల మధ్య తేడా వేరే తలనొప్పి. 441 గ్రెయిన్ల బాణం, 480 గ్రెయిన్ల బాణం ఒకే గురితో వదిలితే 30 మీటర్ల దగ్గర ఎత్తులో దాదాపు 11 సెంటీమీటర్ల తేడా వస్తుంది. 80 సెంటీమీటర్ల టార్గెట్ మీద ఒక్కో వలయం 4 సెంటీమీటర్లే. నేర్చుకునే పిల్లలు తప్పు తమ చేతిదనుకుని ఉన్న పద్ధతి పాడు చేసుకుంటారు.

ఇన్సర్ట్‌లు అంటించిన తీరు కూడా చూడండి. మూడు బాణాలను గడ్డి బట్ (గురి వెనక పెట్టే దిమ్మ) నుంచి లాగితే ఇన్సర్ట్, మొన లోపలే ఉండిపోయి షాఫ్ట్ ఒక్కటే చేతికొచ్చింది. షాఫ్ట్ లోపలి గోడ నున్నగా మెరుస్తోంది. గరుకు కాగితం తగల్లేదు, స్పిరిట్‌తో తుడవలేదు. వాడింది హాట్ మెల్ట్ జిగురు, అది మా ఎండాకాలంలో మూసిన బండి డిక్కీలో మెత్తబడుతుంది. ఇంకో రెండు బాణాల ముందు చివర చీలింది. ఆ చివర్లు ఏటవాలుగా కోసి ఉన్నాయి, ఇన్సర్ట్ అంచు ఒకే పక్క ఆని, దెబ్బంతా ఆ పక్కకే పడింది. చీలిన కార్బన్ షాఫ్ట్‌ను చూసుకోకుండా వదిలితే ముక్కలు విల్లు పట్టిన చేతిలో దిగుతాయి. దీన్ని చిన్న తేడా అనడానికి వీల్లేదు. ఒక బాణానికి కుడి రెక్క ఈకలు రెండు, ఎడమ రెక్క ఈక ఒకటి అంటించారు, అది చెప్పుకోవడానికే నవ్వొస్తుంది.

కరపత్రం చివర, బాణాలు ఎంత లోతు దిగుతాయో పరీక్షించిన ఎడ్ ఆష్బీ గారి పేరు పెట్టి “650 గ్రెయిన్లు ఉంటే చాలు” అని వేశారు. 1980ల్లో దక్షిణాఫ్రికాలో మొదలుపెట్టిన పరీక్షల నుంచి ఆయన చెప్పిన క్రమం వేరు. బాణం పగలకపోవడం మొదటిది, వంకర లేకుండా ఎగరడం రెండోది, బరువు లెక్క వాటి తర్వాత. పగిలేవి, ఊగేవి అయిన మీ బాణాలకు ఆయన పేరు తగదు. పైగా ఆ పక్కనే అడవిపంది, దుప్పి బొమ్మలు. ఆ పరీక్షలు విల్లుతో వేటకు అనుమతి ఉన్నచోట చేసినవి. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. ఏటూరునాగారం, కవ్వాల్ అడవుల అంచునున్న ఊళ్లలో తెలుగులో ఈ కరపత్రం పంచితే కుర్రాళ్లు కేసుల్లో ఇరుక్కుంటారు. మేము గడ్డి బట్‌లు, ఫోమ్ బొమ్మల మీద తప్ప వదలం. ఆ బొమ్మలు తీసేయండి.

మాకు కావలసింది ఇది. డజను బాణాలు మార్చి పంపాలి. షాఫ్ట్ కొలిచి చూసిన 400 స్పైన్, చివర్లు చదరంగా కోసినవి, 75 గ్రెయిన్ల ఇత్తడి ఇన్సర్ట్ ఎపాక్సీతో అంటించినవి, మొనలు 200కి రెండు గ్రెయిన్లకు మించి తేడా లేనివి. తూకం చీటీ డబ్బాలోనే పెట్టాలి. కుదరకపోతే కొరియర్ ఖర్చుతో సహా పూర్తి డబ్బు వాపసు ఇవ్వాలి. పాత బాణాలు మీ మనిషి వచ్చి తీసుకుపోవచ్చు, చీలిన రెండూ ఆధారం కోసం మా దగ్గరే ఉంటాయి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం. ఫోన్ చేయవద్దు.

ఇట్లు,
సాధన కేంద్రం శిక్షకులు
హన్మకొండ

జతపరచినవి: బిల్లు కాపీ, లేబుల్ ఫొటో, 12 బాణాల తూకం చీటీ, స్పైన్ కొలతలు, చీలిన షాఫ్ట్‌ల ఫొటోలు, కరపత్రం