అమ్మ చేతిలోని నీళ్ల సీసా: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పోయిన గురువారం మా అమ్మకు హైదరాబాద్ చూపించాను. అమ్మకు 63 ఏళ్లు. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టి మమ్మల్ని చదివించింది. ఇన్నేళ్లలో పట్నం వచ్చిందంటే ఆస్పత్రికే. ఏ పనీ లేకుండా, ఊరికే తిరగడానికి రావడం ఇదే మొదటిసారి.

సిద్దిపేట నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో వచ్చి జేబీఎస్‌లో దిగింది. జీరో టికెట్‌ను జాగ్రత్తగా మడిచి రొంటిన దోపుకుంది. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పిస్తూ 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం లేకపోతే ఈ ప్రయాణానికి అమ్మ ఒప్పుకునేది కాదు. "చార్జీలు దండగ" అనేది. ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అక్కడి నుంచి మెట్రోలో ఎంజీబీఎస్, తర్వాత ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం మ్యూజియానికి సెలవు కాబట్టి ముందు రోజే పెట్టుకున్నాం.

పన్నెండు కొట్టడానికి ముందే వెళ్లి సంగీత గడియారం ఎదుట కూర్చున్నాం. అందులో ఒక చిన్న కమ్మరి బొమ్మ సుత్తితో కొడుతూనే ఉంటుంది కదా, అమ్మ చూపంతా దాని మీదే. "వాడు ఒక్క నిమిషమన్న ఆగడా బిడ్డా?" అని అడిగింది. గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే బొటనవేలితో వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంది. పన్నెండూ అయ్యాక నావైపు తిరిగి నవ్వింది. అమ్మ అంత తీరిగ్గా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

అక్కడి నుంచి చార్మినార్ బయల్దేరాం. ఆటో అతను మదీనా దగ్గర దింపేశాడు, మిగతాది నడక. ఎండ బాగా ఉంది. గుల్జార్ హౌజ్ దాటుతుంటే అమ్మ చేతిలోని సీసా కనిపించింది. పొద్దున ఇంటి దగ్గర నింపుకున్న లీటరు నీళ్లు అలాగే ఉన్నాయి. మూత కూడా తీయలేదు.

"ఏందమ్మా, తాగలేదా?"

"తాగితే మళ్ల ఎటు పోవాలె బిడ్డా?"

బస్సెక్కింది మొదలు చుక్క నీరు ముట్టలేదు. బీపీ మాత్ర వేసుకునే మనిషి. ఆస్పత్రికి వచ్చిన ప్రతిసారీ ఇలాగే చేసిందట. నాకు ఆ రోజే తెలిసింది.

వెంటనే బాత్రూమ్ కోసం వెతికాను. ఒకచోట తాళం వేసి ఉంది. ఇంకోచోట డబ్బులు తీసుకున్నారు గానీ లోపల గడియ లేదు, నల్లాలో నీళ్లు లేవు. నేను బయట తలుపు పట్టుకుని నిలబడ్డాను. అమ్మ బయటికొచ్చి కొంగుతో ముఖం తుడుచుకుంది, నా కళ్లలోకి చూడలేదు. ఆ తర్వాత కూడా నీళ్లు తాగమంటే "ఇంటికి పోయినంక తాగుత" అంది.

చార్మినార్‌కు 149 మెట్లు. "నువ్వెక్కిరా, నేనిక్కడ కూసుంట" అంది. మా దగ్గర్లో నీడన ఒక్క బెంచీ కనబడలేదు. చివరికి లాడ్ బజార్‌లో గాజులమ్మే పెద్దాయన "అమ్మా, రండి" అని పిలిచి స్టూల్ వేశాడు. బీడీలు చుట్టీ చుట్టీ అమ్మ వేళ్ల కణుపులు లావెక్కాయి, ఏ గాజులూ పట్టలేదు. ఆయన లక్క గాజును వేడిచేసి, కాస్త వెడల్పు చేసి, చల్లారాక నెమ్మదిగా తొడిగాడు. ఎర్ర గాజులు, తెల్ల రాళ్లు. ఊళ్లో అందరికీ చూపిస్తోందట.

మంత్రి గారూ, 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చినవాళ్లను ఇదే చార్మినార్‌కు, ఇదే లాడ్ బజార్‌కు తీసుకొచ్చారు. అతిథులు వస్తున్నారంటే ఈ వీధుల్ని ఎంత చక్కగా సిద్ధం చేయగలమో అప్పుడు చూశాం. జీరో టికెట్ మీద ఊళ్ల నుంచి వచ్చే అమ్మలు కూడా అతిథులే.

సాలార్‌జంగ్ నుంచి చార్మినార్ దాకా ఆడవాళ్ల కోసం శుభ్రమైన మరుగుదొడ్లు కావాలి. గడియ పడాలి, నీళ్లు రావాలి, పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక మహిళ అక్కడ ఉండాలి. అవి ఎక్కడున్నాయో తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టించండి. నీడన నాలుగు బెంచీలు వేయించండి. మదీనా నుంచి మోకాళ్ల నొప్పులవాళ్ల కోసం బ్యాటరీ బండి నడిపితే ఇంకా మేలు. ఇందులో ఏదీ కోట్లు మింగే పని కాదు. బాత్రూమ్ సంగతి మాత్రం అన్నిటికన్నా ముందు చూడండి, మిగతావి ఆలస్యమైనా సర్దుకుంటాం. మీ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు వాళ్ల అమ్మనో అత్తనో వెంట తీసుకురమ్మని చెప్పండి. కాగితాల్లో కనబడనివి అప్పుడు కనబడతాయి.

ఆ రాత్రి ఇల్లు చేరాక అమ్మ ఫోన్ చేసింది. "వచ్చుడు వచ్చుడే రెండు చెంబులు తాగిన" అంది. దసరా పోయాక మళ్లీ వస్తుందట, గోల్కొండ చూడాలట.

ఇట్లు,
ఒక కూతురు, హైదరాబాద్