షార్ట్ ఫిల్ముల్లో మన ఊరి చప్పుడేదీ?

సంపాదకులు గారికి,

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ కాలేజీల పిల్లలు తీస్తున్న షార్ట్ ఫిల్ముల గురించి పత్రికల జిల్లా పేజీల్లో తరచూ వస్తోంది, సంతోషం. కథ గురించి రాస్తారు, కెమెరా గురించి రాస్తారు, సౌండ్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. తెర మీద ఖిలా వరంగల్ తోరణం కనిపిస్తుంటే చెవిలో కంప్యూటర్ వయొలిన్లు మోగుతుంటాయి. మొదటి ఫ్రేము నుంచి పేర్లు పడే దాకా ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) పరిచేస్తున్నారు. మాటలు సరిగా రికార్డు కాకపోవడమే చాలాసార్లు అసలు కారణం. గోడ పగుళ్ల మీద సున్నం కొట్టినట్టు సంగీతం పూస్తున్నారు.

మంచి మైకు కొనే స్తోమత లేదనడం సగమే నిజం. మైకు ధర కంటే అది నోటికి ఎంత దూరంలో ఉందన్నదే ముఖ్యం. బయట దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెళ్లు పడిపోతుంది. గదిలోనైతే గోడల ప్రతిధ్వని మాత్రం తగ్గకుండా అట్లాగే ఉంటుంది. కాబట్టి రెండో ఫోనును రికార్డరుగా పెట్టి, ఫ్రేములో పడకుండా నటుడికి ఎంత దగ్గరికి తేగలిగితే అంత దగ్గరికి తేవాలి. ఆ ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, రికార్డింగ్ వేవ్ (కుదించని) ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటుతో సాగాలి. గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలన్నది) చేతితో తిప్పుకునే యాప్ ఉండాలి. అన్నింటికంటే గట్టిగా పలికే డైలాగు యాప్ మీటరులో మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగాలి. ఆటో గెయిన్‌ను ఆన్‌లోనే వదిలేస్తే మాట ఆగినప్పుడల్లా ఫ్యాను రొద పైకి లేస్తుంది, మాట మొదలవగానే అణుగుతుంది. ఎడిటింగ్‌లో దాన్ని సరిచేయడం దాదాపు అసాధ్యం. బొమ్మను, విడిగా పట్టిన సౌండ్‌ను తర్వాత కలుపుకోవడానికి ప్రతి షాటుకూ క్లాప్ కొట్టాలి. ఫోను వీడియో ఫ్రేము రేటు నిలకడగా ఉండదు, పది నిమిషాల షాటును ఒక్క క్లాపుతో కలిపితే చివరికొచ్చేసరికి పెదవులొకచోట, మాటలొకచోట.

కాలర్ మైకు వాడేవాళ్లు బట్ట చూసుకోవాలి. పట్టు, సింథటిక్ కొంగు గరగరలాడుతుంది, పుస్తెలతాడు మైకుకు తగిలి టిక్కుమంటుంది. మందుల షాపులో దొరికే టేపుతో మైకును బట్టకు రెండు వైపులా అంటించి, గొలుసును పక్కకు జరిపితే చాలావరకు పోతుంది. ఇంట్లో తీసేటప్పుడు ఫ్యానుతో పాటు ఫ్రిజ్ కూడా ఆపాలి. బండి తాళం ఫ్రిజ్‌లోనే పెట్టండి, పోయేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం ఎవరూ మరిచిపోరు.

సీను అయిపోగానే అందరూ కదలకుండా నిలబడి, అదే మైకుతో, అదే చోట ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేయాలి. మాటల మధ్య దగ్గునో కుర్చీ కిర్రునో కోసేస్తే అక్కడ పూర్తి నిశ్శబ్దం పడుతుంది, వినేవాళ్లకు సౌండే పోయిందనిపిస్తుంది. ఆ గుంతలు పూడ్చడానికే ఈ నిమిషం. దీన్ని ఎగ్గొట్టని బృందాలు చాలా తక్కువ.

మేం ముఖ్యంగా చెప్పదలచింది ఆంబియెన్స్ (చుట్టుపక్కల సహజంగా వినిపించే చప్పుళ్లు) గురించి. కాజీపేటలో సీను తీస్తూ డైలాగు మధ్యలో రైలు కూత పడితే ఆ టేకు వదిలేయాల్సిందే. ఒక షాటులో కూత ఉండి తర్వాతి షాటులో తెగిపోతే కట్ బయటపడుతుంది. రైలు పోయాక మాటలు తీయండి, తర్వాతి రైలు వచ్చినప్పుడు దాన్ని విడిగా మొదటి నుంచి చివరిదాకా పట్టండి. అప్పుడు కూత ఎక్కడ రావాలో మీరే నిర్ణయించుకోవచ్చు. నెట్‌లో దొరికే ‘విలేజ్ మార్నింగ్’ ఫైళ్లలో మన దగ్గర లేని పక్షులు కూస్తుంటాయి. ఎండాకాలపు కోయిలను దసరా సీనులో పెట్టినా పల్లెటూరి ప్రేక్షకులు ఇట్టే పట్టేస్తారు.

బతుకమ్మ పాట కావాలంటే డీజే బాక్సులు మోగే సద్దుల నాడు కాదు, అంతకుముందు రోజుల్లో ఆడవాళ్లే పాడుకునే వాడకు వెళ్లాలి. అనుమతి అడిగి, మైకును నడుమ బతుకమ్మల పక్కన పెడితే వలయంలోని గొంతులు, చప్పట్లు అన్నీ దాదాపు సమానంగా వస్తాయి. డప్పు సంగతి వేరు. దగ్గర పెడితే ఫోను మైకులోనే శబ్దం చిట్లిపోతుంది, తర్వాత వాల్యూం తగ్గించినా బాగుపడదు. నాలుగైదు మీటర్లు వెనక్కి జరగాలి. పైగా డప్పును మంట మీద కాచి వాయిస్తారు. తోలు చల్లారే కొద్దీ శ్రుతి దిగుతుంది. షాటు షాటుకూ విడిగా పట్టిన దరువులు కలిపితే అతకవు. ఒక వరస మొత్తం ఆపకుండా పట్టి, షాట్లన్నిటి మీదా అదే పరచాలి.

డబ్బింగ్ తప్పనిసరైతే బొంతలు, దుప్పట్లు కట్టిన చిన్న గదిలో చెప్పించండి. ప్రతి డైలాగుకూ ముందు పైలట్ ట్రాక్ (లొకేషన్‌లో పట్టిన మాటలు) చెవిలో వినిపించాలి. అది లేకపోతే లొకేషన్‌లో ఇంటి భాషలో మాట్లాడిన పిల్లవాడు మైకు ముందు టీవీ యాంకర్ అయిపోతాడు. అడుగులు, గాజులు, బిందె చప్పుడు లాంటివి తర్వాత విడిగా చేసి పట్టే ఫోలీ పనికి ఒక పూట చాలు. మాట నడుస్తున్నంతసేపు ఆర్ఆర్ దానికంటే 12 నుంచి 18 డెసిబెళ్లు కింద ఉండాలి.

ఇంత చేసినా ఆడిటోరియంలో పరువు పోవచ్చు. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి స్టీరియో వైరును మిక్సరులోని ఒకే మైకు ఇన్‌పుట్‌లోకి తగిలిస్తున్నారు. అది బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ (రెండు తీగల మధ్య తేడానే తీసుకునేది) కాబట్టి మిక్సరు ఎడమ సిగ్నల్‌లోంచి కుడి సిగ్నల్‌ను తీసేస్తుంది. మాటలు రెండు వైపులా ఒకేలా ఉంటాయి గనుక మాయమవుతాయి, సంగీతం మాత్రం పల్చగా మోగుతుంది. పాపం, తీసినవాళ్లు తమ మిక్సింగే చెడిందనుకుంటారు. పోటీలు పెట్టే కాలేజీలు ఎడమ, కుడి విడదీసే వైరుతో రెండు చానళ్లకు ఇవ్వాలి, లేదా స్టీరియో డీఐ బాక్సు (ల్యాప్‌టాప్ సిగ్నల్‌ను మైకు ఇన్‌పుట్‌కు సరిపడేలా మార్చే పెట్టె) పెట్టాలి. ప్రదర్శనకు ముందు ప్రతి బృందానికీ ఐదు నిమిషాల సౌండ్ చెక్ ఇవ్వాలి. బహుమతుల జాబితాలో ఆర్ఆర్‌తో కలపకుండా సౌండ్‌కు విడిగా ఒకటి చేర్చాలని కోరుతున్నాం.

— సౌండ్ రికార్డింగ్ పని చేసేవాళ్లం, హనుమకొండ