బ్యాండ్‌విడ్త్ టెస్టుకి ఒక సమయం కుదర్చండి: నెట్‌వర్క్ కేంద్రం డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

డైరెక్టర్ గారికి నమస్కారం.

మా క్యాంపస్ లింకు ఎందుకు నెమ్మదిగా ఉందో తేల్చే బ్యాండ్‌విడ్త్ (వేగం) టెస్టుకి సమయం కుదర్చమని ఫిర్యాదు టికెట్లు పెట్టాం, మెయిళ్లు రాశాం, మా రిజిస్ట్రార్ గారి సంతకంతో వినతిపత్రం కూడా పంపాం. దేనికీ సరైన జవాబు రాలేదు కాబట్టి ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. మిమ్మల్ని నొప్పించాలని కాదు సార్. మీరూ ఇంజినీరింగ్ నుంచి వచ్చినవారే, చెబితే అర్థం చేసుకుంటారన్న నమ్మకం మాకు ఇంకా ఉంది.

మా క్యాంపస్‌ని మీ కేంద్రానికి కలిపే లింకు 1 జీబీపీఎస్, అంటే 1000 ఎంబీపీఎస్. పంటల ఉపగ్రహ చిత్రాల మీద పనిచేసే మా రీసెర్చ్ స్కాలర్ ఒకమ్మాయి పక్క జిల్లా క్యాంపస్ నుంచి 2 టీబీ డేటా తెచ్చుకోవాలి. లింకు నిండుగా నడిస్తే నాలుగున్నర గంటల పని. మాకు వస్తున్నది 80 ఎంబీపీఎస్. ఆ లెక్కన రెండు రోజులు దాటుతుంది, అదీ మధ్యలో తెగకపోతే. చేసేది లేక ఆ అమ్మాయి హార్డ్ డిస్క్ బ్యాగులో పెట్టుకుని బస్సెక్కుతోంది. ఇంత ఫైబర్ వేసుకుని కూడా పిల్లల్ని ఇట్లా తిప్పుతున్నామంటే నాకు తల కొట్టేసినట్టుంది.

తప్పు మా వైపుందో, మీ వైపుందో, మధ్యలో ఉందో తేలాలంటే టెస్టు చేయాలి. లింకు వేగాన్ని కొలిచే ఐపెర్ఫ్ ప్రోగ్రాం రెండు చివర్లా ఒకే వేళకి నడవాలి. ఒక చివర మేము, రెండో చివర మీ మెషీను. మా గోసంతా ఇక్కడే.

మీ సపోర్టు వాళ్లు రాత్రి 11కి పెడతాం, రెడీగా ఉండండన్నారు. ఉన్నాం. తెర మీద ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ తప్ప మరేమీ రాలేదు. పొద్దున మెషీను లాగ్ ఫైలు తెరిచి చూస్తే, మీ మెషీను తెల్లవారుజామున 4:30కి మమ్మల్ని పిలిచి పోయింది. దాని గడియారం మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే యూటీసీలో ఉంది, వేళకి పనులు నడిపే క్రాన్‌లో 23 గంటలని రాశారు. ఇంకోసారి వేళ సరిగ్గానే కుదిరింది, ఫైర్‌వాల్‌లో ఐపెర్ఫ్ వాడే 5201 పోర్టు మూసి ఉంది, తెరవాల్సినాయన లీవులో ఉన్నారు. మరోసారి అన్నీ కుదిరాయి, సర్వర్ వేరే టెస్టులో ఉంది, తర్వాత ప్రయత్నించండని వచ్చింది. ఐపెర్ఫ్3 సర్వర్ ఒకసారికి ఒక్క టెస్టునే తీసుకుంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంకో క్యాంపస్ వాళ్లు అదే నిమిషానికి అదే మెషీను మీదికి వచ్చారు. వాళ్లకి ఆ టైం ఇచ్చిందీ మీ సపోర్టే.

అన్నిటికంటే బాధపెట్టింది ఆ తర్వాత జరిగింది. ఎట్టకేలకు మీ కేంద్రం దాకా ఒక టెస్టు పూర్తయి 460 ఎంబీపీఎస్ వచ్చింది. సగం కూడా లేదేమిటని అడిగితే ‘సమస్య మీ క్యాంపస్ లోపలే’ అని రాసి టికెట్ మూసేశారు. మేం నమ్మాం. స్విచ్ మార్చాం, ప్యాచ్ కేబుళ్లు మార్చాం, సెలవు రోజుల్లో మా టెక్నీషియన్లు వచ్చి పనిచేశారు. తీరా చూస్తే అదే నిమిషంలో, మా జిల్లా నుంచి బయటికి వెళ్లే అదే దారిలో, మరో కాలేజీ వాళ్లు మీ ఇంకో సర్వర్‌తో టెస్టు నడుపుతున్నారు. రద్దీని బట్టి వేగం సర్దుకునే టీసీపీ టెస్టులు రెండు ఒకే దారిలో పడితే దాదాపు చెరిసగం పంచుకుంటాయి. వాళ్లకీ సగమే వచ్చింది, వాళ్లకీ మీరు అదే జవాబు రాశారు.

మళ్లీ అడిగితే స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పంపమంటున్నారు. అది దగ్గర్లో ఉన్న సర్వర్‌తో, ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి కొలుస్తుంది. దూరం నుంచి ఒక్క కనెక్షన్‌లో వచ్చే పెద్ద ఫైలు ఎక్కడ నలుగుతోందో అందులో కనపడదు. అమెరికాలో పరిశోధనశాలల్ని కలిపే ఈఎస్‌నెట్ నెట్‌వర్క్ వాళ్ల అనుభవం మీకు తెలిసే ఉంటుంది. ఒక రూటర్ కార్డు 22,000 ప్యాకెట్లకి (డేటా ముక్కలకి) ఒకటి పోగొట్టింది. మానిటరింగ్‌లో ఏ అలారమూ మోగలేదు, దూరపు ఊళ్లకి వేగం మాత్రం కుప్పకూలింది. మన దారిలోనూ అలాంటిదేదో ఉందని నా అనుమానం. క్రమం తప్పకుండా రెండు వైపులా కొలిస్తేనే అది బయటపడుతుంది.

ఇందుకు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. అప్పట్లో అమెరికా విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ ఇంటర్నెట్2 వాళ్లు బీడబ్ల్యూసీటీఎల్ అనే ప్రోగ్రాం రాసిందే టెస్టులకి వేళ కుదరని ఈ బాధ తీర్చడానికి. 2017లో, నెట్‌వర్క్‌లని కొలిచే సాఫ్ట్‌వేర్ పర్ఫ్‌సోనార్ 4.0తో దాని స్థానంలోకి పీషెడ్యూలర్ వచ్చింది. అది రెండు చివర్లనీ ఖాళీ ఎప్పుడని అడుగుతుంది, ఇద్దరికీ కుదిరే వేళ చూసి బుక్ చేస్తుంది, ఆ కాసేపూ ఆ నోడ్ల (టెస్టు మెషీన్ల) మీదికి మరో బ్యాండ్‌విడ్త్ టెస్టుని రానివ్వదు. కాలువ నీళ్లకి వంతులు పెట్టినట్టే. యూరప్ కణభౌతిక పరిశోధనశాల సెర్న్ డేటాను పంచుకునే గ్రిడ్ కంప్యూటర్ కేంద్రాలు పర్ఫ్‌సోనార్‌తోనే కొలుచుకుంటున్నాయి. అంతా ఓపెన్ సోర్స్, లైసెన్సు ఖర్చు కూడా లేదు.

ఇవన్నీ వర్క్‌షాపులో మాకు నేర్పింది మీ వాళ్లే సార్. ప్రతి క్యాంపస్‌కీ ఒక టెస్ట్ నోడ్, అన్నిటికీ కలిపి కేంద్రం నుంచి ఒకే షెడ్యూలు అని మీరే వేదిక మీంచి మాటిచ్చారు. నోడ్ వచ్చింది. ర్యాకులో బిగించాం, గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ పెట్టాం, గడియారం తేడాని మిల్లీసెకన్లలోకి తెచ్చాం. అప్పట్నుంచీ అది వెలుగుతూ కూర్చుంది, మాట్లాడటానికి అవతల ఎవరూ లేరు. పీషెడ్యూలర్ మాట్లాడేది 443 పోర్టు మీద. మీ వైపు అది ఈ రోజుకీ మా నోడ్‌కి తెరవలేదు. అడిగితే సెక్యూరిటీ క్లియరెన్స్ అంటారు.

ఎవరు పడితే వాళ్లు లింకు నింపేస్తే ఎలా అన్న మీ వాళ్ల భయం న్యాయమైనదే, కాదనను. పట్టపగలు టెస్టు పెట్టి ఆన్‌లైన్ క్లాసులు ఆగిపోయిన రోజు మాకూ ఉంది. కానీ దానికీ ఏర్పాటు అందులోనే ఉంది కదా. ఏ అడ్రసు నుంచి రావచ్చు, ఎన్ని సెకన్లు నడవచ్చు, రద్దీ చూసి తగ్గని యూడీపీ టెస్టు అయితే ఎంత వేగం దాటకూడదు, అన్నీ లిమిట్స్ ఫైలులో రాసుకోవచ్చు. ఆరు గంటలకోసారి 20 సెకన్ల టెస్టు చాలు మాకు. ఎక్కువ అడుగుతున్నామా?

మా నోడ్ అడ్రసు ఇప్పటికే మీ దగ్గరుంది. ఆ పోర్టు తెరిపించండి. షెడ్యూలులో మా పేరు చేర్చండి. పక్క జిల్లా క్యాంపస్‌ని కూడా చేర్చండి, వాళ్లూ ఇదే అడుగుతున్నారు. అప్పటిదాకా ఫోన్ల మీద టైం చెప్పేటప్పుడు ఒక్కరికే చెప్పేలా, భారత కాలమానంలో చెప్పేలా మీ సపోర్టు వాళ్లకి ఒక్క మాట చెప్పండి. తప్పు మా వైపే ఉందని తేలితే ఆ రోజే సరిచేసుకుంటాం, చేతులు జోడించి చెబుతున్నాను. తేలనివ్వండి సార్, మేం అడిగేది అదే. మూసేసిన మా టికెట్‌ని మళ్లీ తెరిచి, పోర్టు ఏ తేదీకి తెరుస్తారో అందులో రాయించండి.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తున్న
ఒక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్ విభాగం ఉద్యోగి