అది మహీంద్రా కాదు, జోంగా!

సంపాదకులకు,

ఆదివారం సంచికలో పాత మిలిటరీ బండి ఫొటో కింద ‘మహీంద్రా జీపు’ అని వేశారు. అది జోంగా. ముప్పయ్యేళ్లు గాజువాకలో షెడ్డు నడిపినవాణ్ణి, ముక్కు చూస్తే చాలు, తెలిసిపోతుంది.

మహీంద్రాది అమెరికా విల్లీస్ జీపుల వంశం. 1940ల చివర్లో విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలైంది. జోంగా పుట్టిల్లు జపాన్. నిస్సాన్ కంపెనీ ‘పట్రోల్’ బండిని లైసెన్సు మీద జబల్‌పూర్‌లో మన సైన్యం కోసం చేశారు. అక్కడి ఆయుధ కర్మాగారం ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాలే ‘జోంగా’. పట్రోల్ అంటే గస్తీ, తాగేది మాత్రం పెట్రోలే! ఆరు సిలిండర్లు, దాదాపు 4 లీటర్ల ఇంజను మరి. సైన్యం వాడిన శక్తిమాన్ లారీ కూడా ఇలాగే, 1959 నుంచి జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో చేసిందే.

పాడేరు కాఫీ వ్యాపారి ఒకాయన వేలంలో జోంగా కొన్నాడు. ఘాట్ రోడ్డు ఎక్కడంలో దానికి సాటిలేదు కానీ, నెల తిరక్కుండానే పెట్రోలు బిల్లు చూసి, దాని కడుపులో డీజిల్ ఇంజను పెట్టమని నా దగ్గరికే తోలుకొచ్చాడు. పెట్టాను. ఆ మోత ఇప్పటికీ నాకు నచ్చదు.

ఫొటో కింద పేరు దిద్దగలరు.

– విశ్రాంత మెకానిక్, గాజువాక, విశాఖపట్నం